గొంతు ముందు, వాద్యాలు తర్వాత

మామూలుగా పాటకు ముందు వాద్యాల ట్రాక్ సిద్ధం చేస్తారు. ఆ తర్వాతే గాయకుడు వచ్చి గొంతు కలుపుతాడు. 2006లో అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి చేరిన ‘అమెరికన్ 5: ఎ హండ్రెడ్ హైవేస్’ ఆల్బమ్ తయారైంది మాత్రం తలకిందులుగా. వాద్యాలన్నీ చేరేసరికి పాడిన మనిషే లోకంలో లేరు. ఆయన కంట్రీ గాయకుడు జానీ క్యాష్.

పాతికేళ్లకు పైగా తమకు పాడిన క్యాష్‌ను కొలంబియా రికార్డ్స్ 1986లో వదిలేసుకుంది. కంట్రీ సంగీతానికి రాజధాని అనదగ్గ నాష్‌విల్‌లో ఆయన పని అయిపోయిందనుకున్నారు. 1993లో రిక్ రూబిన్ వచ్చి కలిశాడు. ర్యాప్, హెవీ మెటల్ రికార్డులతో పేరు తెచ్చుకున్న యువ నిర్మాత. హంగులేవీ వద్దని, చేతికి గిటార్ ఒక్కటే ఇచ్చి తన ఇంటి హాల్లోనే పాడించాడు. 1994లో వచ్చిన ఆ ఆల్బమ్ గ్రామీ గెలిచింది. అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో మాత్రం 110 దగ్గరే ఆగిపోయింది.

2003 మే 15న భార్య జూన్ కార్టర్ కన్నుమూశారు. క్యాష్‌కు అప్పటికే మధుమేహం ముదిరింది, చూపు మందగించింది. తనకు చేతినిండా పని ఉండేలా చూడమని రూబిన్‌ను అడిగారు. టెనెసీలోని హెండర్సన్‌విల్‌లో రికార్డింగ్ ఇంజనీరు, గిటారిస్టులు సిద్ధంగా ఉండేవారు. క్యాష్ ఓపిక ఉన్న రోజు పాడేవారు, లేని రోజు మానేసేవారు. సెప్టెంబరు 12న, 71 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు.

రూబిన్ చాలాకాలం ఆ టేపుల జోలికి వెళ్లలేకపోయాడు. తర్వాత మైక్ క్యాంప్‌బెల్, బెన్‌మాంట్ టెంచ్ వంటి వాద్యకారులను పిలిచి, ఆ గొంతు వింటూ వాయించమన్నాడు. ఆయన ఊపిరి తీసుకునే చోట వాళ్లూ తగ్గాలి. ‘గాడ్స్ గాన కట్ యు డౌన్’ పాటకు కాళ్ల చప్పుడు, చప్పట్లే తాళం. క్యాష్ రాసిన చివరి పాట ‘లైక్ ది 309’ కూడా ఇందులోనే ఉంది. తన శవపేటికను రైలెక్కించడం గురించిన పాట అది. అందులో తన ఆయాసం మీద తనే చమత్కరిస్తారు. 1955 నాటి ఆయన తొలి రికార్డులోని ‘హే పోర్టర్’ కూడా రైలు పాటే.

ఆల్బమ్ 2006 జులై 4న విడుదలైంది. మొదటి వారం సుమారు 88 వేల కాపీలు అమ్ముడై, నేరుగా మొదటి స్థానంలో నిలిచింది. 1969 నాటి ‘ఎట్ శాన్ క్వెంటిన్’ తర్వాత క్యాష్‌కు మళ్లీ ఆ స్థానం దక్కడానికి 37 ఏళ్లు పట్టింది. గొంతులోని వణుకును వాద్యాలతో కప్పేసి ఉంటే ఇది మరో నివాళి ఆల్బమ్‌గా మిగిలేది. కప్పకపోవడమే దీన్ని నిలబెట్టింది.