విపర్యయ శబ్దార్థము: ఆయుర్వేదమున విరుద్ధగుణ విచారము

వాగ్భటుఁడు అష్టాంగహృదయ సూత్రస్థానమున ప్రథమాధ్యాయమునందు గురు, మంద, హిమ, స్నిగ్ధ, శ్లక్ష్ణ, సాంద్ర, మృదు, స్థిర, సూక్ష్మ, విశదములు అను పదింటిని మాత్రమే పేర్కొని, తక్కిన పదింటిని "సవిపర్యయాః" అను నొక్క పదమున నిమిడ్చినాఁడు. అంతకుఁ బూర్వుఁడగు చరకుఁడు ఆ 20 గుణములను గురులఘువులు, శీతోష్ణములు, స్నిగ్ధరూక్షములు అని జంటలుగా విడమరచి చెప్పియుండెను. వాగ్భటుని లాఘవము మెచ్చఁదగినదే. కాని విపర్యయ మనఁగా నేమి? అభావమా, లేక వేఱొక భావమా?

ఈ ప్రశ్న శుష్కవాదము గాదు. తార్కికుల 24 గుణములలో గురుత్వము కలదు, లఘుత్వము లేదు. 17వ శతాబ్దివాఁడును ఆంధ్రుఁడును నగు అన్నంభట్టు తన తర్కసంగ్రహమునకుఁ దానే రచించిన దీపికలో, లఘుత్వము గురుత్వాభావమే యనియు, మృదుత్వ కఠినత్వములు అవయవసంయోగ విశేషములే యనియు సమాధానము చెప్పెను. వైద్యుఁ డీ సమాధానముతోఁ దృప్తి నొందఁజాలఁడు. అభావము ఔషధము కానేరదు గదా! రూక్షమును శీతమును నగు వాతము ప్రకోపించినపుడు దానిని శమింపఁజేయునది స్నిగ్ధోష్ణమైన నువ్వులనూనె. అందలి స్నేహము రూక్షత లేకపోవుట మాత్రమే కాదు, అది పనిచేయు గుణము. సామాన్యము వృద్ధికిని, విశేషము హ్రాసమునకును కారణమని చరకసంహిత మొదటి యధ్యాయముననే చెప్పిన న్యాయము, రెండు ప్రక్కల భావరూపమైన గుణమున్నఁ గాని పొసఁగదు.

మనస్సు మాట వేఱు. శారీరస్థానమున చరకుఁడు గుర్వాదులను శరీరధాతుగుణములనియే వ్యవహరించినాఁడు. మనోదోషములు రజస్తమస్సులు. వానికి సూత్రస్థానము విధించిన మందు జ్ఞానము, విజ్ఞానము, ధైర్యము, స్మృతి, సమాధి. అచట స్నిగ్ధరూక్షముల ప్రసక్తి లేదు. శరీరము మనస్సును, మనస్సు శరీరమును అనుసరించునని మాత్రము శారీరస్థానమునఁ గలదు.

ఉన్మాదచికిత్సకు వచ్చుసరికి విపర్యయము మనస్సులోనికిఁ దిన్నగఁ బ్రవేశించినది. కామ, శోక, భయ, క్రోధ, హర్ష, ఈర్ష్యా, లోభములవలనఁ బుట్టిన ఉన్మాదమును, ఆ భావములనే యొకదానికొకటి ప్రతిద్వంద్వముగఁ బ్రయోగించి శమింపఁజేయవలెనని యచటి విధి. శోకమునకు శోకాభావము మందని చెప్పలేదు. దాని నడఁచుటకు వేఱొక భావమే కావలయును. కాఁబట్టి వైద్యుల విపర్యయము శరీరమునందువలెనే యిచటను భావరూపమే. ఐనను గుర్వాదులకువలె నిక్కడ జంటలు నియతములు గావు. ఏ రోగికి ఏది ప్రతిద్వంద్వియో వైద్యుఁడే యెఱిఁగి ప్రయోగింపవలెను.

ఈ యధ్యాయము చరకునిదా, దృఢబలునిదా యనుట వివాదాస్పదము. చికిత్సాస్థానమున 17 అధ్యాయములను దృఢబలుఁడు పూరించెను. అవి యేవి యనునది అధ్యాయక్రమ భేదమును బట్టి పండితులలో భిన్నాభిప్రాయములకుఁ దావైనది. ఉన్మాదచికిత్స దృఢబలుని పూరణమైనచో, విరుద్ధగుణ న్యాయమును మనస్సున కింత స్పష్టముగ విస్తరించిన కీర్తి యతనిదే కావచ్చును. చరకునిదే యైనచో, సూత్రస్థానమున జ్ఞానాదులను విధించినవాఁడే యిచట భయక్రోధములను సైతము ఔషధకోటిలోఁ జేర్చినట్లగును.