తాతయ్య చెక్కముక్క, నా నాలుగు వాషర్లు: బానెట్ ఎత్తితే ఇంజిన్ చల్లబడుతుందా?

ఈ ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతాను.

పోయిన ఎండాకాలం నా సెకండ్ హ్యాండ్ కారు తెగ హీటెక్కేది. ఒక రీల్ చూశాను. బానెట్ వెనకాల కీళ్ళ కింద రెండేసి వాషర్లు పెట్టండి, అద్దం వైపు అంచు కాస్త పైకి లేస్తుంది, వేడిగాలి అక్కడినుంచి బయటికి పోతుంది అన్నాడు. వేడిగాలి పైకి లేస్తుంది కదా, లాజిక్ కరెక్టే అనిపించింది. సాయంత్రానికి బిగించేశాను.

మా అమ్మమ్మ వాళ్ళది సాలూరు. తాతయ్య ఒకప్పుడు అక్కడ అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి ఒకే మాట అన్నాడు: "ఏట్రా, నీ బండి రోజూ ఘాటీ ఎక్కుతోందేటి?"

అప్పుడు నవ్వేశాను. ఆ ప్రశ్నలో ఏముందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

సాలూరు లారీలకు పేరున్న ఊరు. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్ళే పాత 43వ నంబర్ హైవే, ఇప్పుడు 26, ఈ ఊరు దాటగానే తూర్పు కనుమల్లోకి ఎక్కేస్తుంది. సుంకి ఘాటీ, పొట్టంగి, ఆపైన కోరాపుట్. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ప్రతి 300 మీటర్లకి నీళ్ళు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది, అంటే అక్కడ 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ లాంటిది, లోపల ఒత్తిడి పెంచి మరగడాన్ని వాయిదా వేస్తుంది. పాత బండ్ల మూతల్లో ఆ ఒత్తిడి తక్కువ. రబ్బరు పోతే అదీ ఉండదు.

పైగా ఆ బండ్లు ఎక్కడివి? టాటా వాళ్ళు 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో ముక్కున్న లారీలు మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969 దాకా నడిచింది. అంబాసిడర్ అయితే ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డే. చలిదేశం డిజైన్లకు ఫుల్ లోడు వేసి, మే నెలలో, సెకండ్ గేర్‌లో మన కొండ ఎక్కించారు. ముందునుంచి గాలి రాదు, ఇంజిన్ మాత్రం పూర్తి బలంతో పనిచేస్తుంది.

ఆ బండ్లలో ఫ్యాన్ ఇంజిన్‌కే బెల్టుతో ఉండేది. ఇంజిన్ ఆపితే ఫ్యాన్ ఆగుతుంది, నీళ్ళు తిప్పే పంపూ ఆగుతుంది, లోపలి వేడి ఎటూ పోక ఇంకా పెరుగుతుంది. అందుకే తెలిసిన డ్రైవర్లు మలుపులో పక్కకి తీసి, ఇంజిన్ ఆపకుండా, బానెట్ ఎత్తి నిలబడేవాళ్ళు. తెలియని క్లీనర్ వేడి మీద మూత తిప్పి చెయ్యి కాల్చుకునేవాడు. (ఇది ఇప్పటికీ అంతే. దయచేసి వేడి మీద మూత తియ్యకండి.)

తాతయ్య దగ్గర ఇంకో ఉపాయం ఉండేది. అంబాసిడర్ బానెట్ ముందునుంచి తెరుచుకుంటుంది. దాన్ని పూర్తిగా మూయకుండా కొక్కెం మీద ఉంచి, కింద ఓ చెక్కముక్క దూర్చి, తాడుతో కట్టేవాడట. నెమ్మదిగా ఎక్కేటప్పుడు వేడంతా ఆ సందులోంచి పోయేది. మరి దిగాక? "కిందకి దిగితే సెక్క తీసేయాలి. లేపోతే గాలికి బానెట్ లేసి అద్దం మీద పడిపోద్ది."

నేను మిస్సయింది ఇదే. బండి నెమ్మదిగా ఉంటే బానెట్ కింద వేడిగాలి మాట చెల్లుతుంది. స్పీడు పెరిగితే బయటి గాలిదే రాజ్యం. ముందునుంచి వచ్చే గాలి అద్దం కింద కొట్టుకుని అక్కడ పోగుపడుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. అమెరికాలో 1969 షెవ్రొలే కమారోకి ఒక ప్రత్యేకమైన బానెట్ ఇచ్చారు. దాని నోరు అద్దం వైపు ఉంటుంది. ఎందుకో తెలుసా? అక్కడి గాలిని ఇంజిన్ లోపలికి పీల్చడానికి! అంటే రీల్‌లో చెప్పినదానికి పూర్తిగా రివర్స్.

నమ్మకం కుదరక టెస్ట్ చేశాను. బానెట్ వెనక అంచుకి నూలు పోగులు టేపుతో అంటించాను. మా బావ డ్రైవింగ్, నేను పక్క సీట్లో ఫోన్ పట్టుకుని. నాతవలస నుంచి శ్రీకాకుళం వైపు 16వ నంబర్ హైవే. బండి ఆగి ఉన్నప్పుడు పోగులు పైకి ఊగాయి. 80 స్పీడు రాగానే అన్నీ ఒక్కసారి లోపలికి వాలిపోయాయి. వేడి బయటికి పోవాల్సిన దారిలో గాలి ఎదురొస్తోంది. టెంపరేచర్ తగ్గలేదు.

ఇంకో సంగతి. ఏసీకి బయటి గాలి తీసుకునే దారిని కంపెనీలు సాధారణంగా అద్దం కిందే పెడతాయి, అక్కడ ఒత్తిడి ఎక్కువనే. నా వాషర్ల పుణ్యమా అని ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ కాలిన ఆయిల్ వాసన నేరుగా లోపలికి. వెనక సీట్లో అమ్మ కళ్ళు తిరుగుతున్నాయంది. నేను ఎండ అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత మొదటి గట్టి వానకి సందులోంచి నీళ్ళు కాయిల్ మీద పడి బండి రోడ్డు మధ్యలో ఆగింది.

సరే, మరి నిజంగా వేడిని ఎలా తగ్గించేవాళ్ళు? 1942లో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ ఎస్ఏఎస్ దళం జీపులు చూడండి. రేడియేటర్ ముందున్న గ్రిల్ కడ్డీలు చాలావరకు కోసేశారు. మరిగిన ఆవిరి వృథా కాకుండా ఒక డబ్బాలోకి పంపి, మళ్ళీ నీళ్ళుగా రేడియేటర్‌లోకి లాగించారు. గాలి లోపలికి రావాలి, నీళ్ళు పోకూడదు, అంతే. బానెట్ మీద వెంట్ పెట్టాల్సిందే అయితే దాని చోటు అద్దం దగ్గర కాదు, రేడియేటర్ వెనకాల, గాలి ఒత్తిడి తక్కువుండే ముందు భాగంలో. ఫార్చ్యూనర్ మొదటి మోడల్ మీద ఉన్న స్కూప్ ఇంజిన్ బే చల్లబరచడానికి కాదు, ఇంటర్‌కూలర్‌కి గాలి ఇవ్వడానికి. మన రోడ్ల మీద కొందరు అంటించుకునే ప్లాస్టిక్ స్కూపుల సంగతి నేను మాట్లాడను.

1983లో మారుతి 800 వచ్చాక కథే మారింది. ఇంజిన్ అడ్డంగా ఉంది కాబట్టి రేడియేటర్‌కి కరెంటు ఫ్యాన్ పెట్టారు. బండి ఆగినా అది తిరుగుతుంది.

నా కారు రోగం ఏంటో చివరికి ఒక చిన్న షెడ్డులో తేలింది. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య మట్టి, పురుగులు గడ్డకట్టి ఉన్నాయి. విప్పి నీళ్ళతో కడిగారు. ముల్లు మళ్ళీ సగం దాటలేదు.

బానెట్ కోయిద్దామనుకునేవాళ్ళు ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర అడగండి. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకి ఒక్కోదానికి 5000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి.

వాషర్లు తీసేశాను. తాతయ్య చెక్కముక్క మాత్రం సాలూరు ఇంట్లో ఇంకా ఉంది, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడుతున్నారు. మీ ఇళ్ళల్లో ఎవరైనా సుంకి ఘాటీలో లారీ నడిపినవాళ్ళుంటే వాళ్ళని అడిగి రికార్డు చేసి పంపండి. తర్వాతి ఎపిసోడ్ వాళ్ళ మాటల్లోనే చేద్దాం.