కొండకు ముందు చంద్రగిరి

తిరుపతికి పడమట పదిహేను కిలోమీటర్ల లోపే, స్వర్ణముఖి నదికి దగ్గరగా ఉన్న చంద్రగిరి విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి. 2022 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. శ్రీవారి దర్శనం చేసుకుని కొండ దిగిన యాత్రికుల బస్సులు చుట్టుపక్కల గుళ్లు తిరుగుతూ ఇక్కడా కాసేపు ఆగుతాయి. గైడు అందరినీ నేరుగా రాజమహల్‌కు తీసుకుపోతాడు. నాలుగు మాటలు చెప్పి, ఫొటోలయ్యాక మళ్లీ బస్సెక్కిస్తాడు. మహల్ చూడదగ్గదే, సందేహం లేదు. అయితే ఊరినీ, కోటగోడనూ, తిరుమలకు పోయే దారినీ వదిలేసి మహల్ ఒక్కటే చూస్తే రాజులు ఇక్కడికి ఎందుకొచ్చారో అంతుపట్టదు.

కోటకు సుమారు వెయ్యో సంవత్సరంలో యాదవరాయలు పునాది వేశారని చెబుతారు. 1367లో అది విజయనగరం చేతికి వచ్చింది. సాళువ నరసింహుడు చంద్రగిరిని ఆధారం చేసుకునే బలం పెంచుకుని, 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. తర్వాత కృష్ణదేవరాయలు తన తమ్ముడు అచ్యుతరాయలను ఈ కోటలోనే కట్టడిలో ఉంచాడు. 1529లో ఆ అచ్యుతుడే రాజయ్యాడు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపి పాడుబడి రాజధాని పెనుకొండకు మారింది. పెనుకొండ గోల్కొండ సైన్యాలకు మరీ అందుబాటులో ఉండేది. 1586 నుంచి 1614 వరకు ఏలిన వెంకటపతి రాయలు అందుకే దక్షిణానికి జరిగి చంద్రగిరిని రాజధాని చేసుకున్నాడు. వెనక కొండ, పక్కన నది, కూతవేటు దూరంలో కులదైవంగా కొలిచిన వేంకటేశ్వరుడు. ఓడిన రాజ్యం నిలదొక్కుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

ఇదే కాలపు నగరాన్ని వేరేచోట ఎలా చూపిస్తారో గమనించాలి. కరీబియన్ సముద్ర తీరంలోని శాంటో డొమింగోను స్పెయిన్ వాళ్లు 15వ శతాబ్దం చివర స్థాపించారు. కొలంబస్ కొడుకు డియేగో కట్టించిన మేడ అక్కడ ఉంది. గైడుతో వచ్చిన బృందాలకు ఆ మేడ ఒక మజిలీ మాత్రమే. పాత వీధులు, పెద్ద చర్చి, నదివైపు గోడలు, అన్నిటినీ కాలినడకన వరుసగా చూస్తారు. యునెస్కో కూడా 1990లో ఒక్క కట్టడాన్ని కాక పాత పట్టణాన్నంతా వారసత్వ జాబితాలో చేర్చింది. చంద్రగిరినీ అలా నడిచి చూడాలి.

నడక కోటగోడ దగ్గర మొదలుపెట్టాలి. పెద్ద రాళ్లతో కట్టిన గోడ, దాని వెంట కందకం ఆనవాళ్లు, లోపల పాడుబడిన చిన్న గుళ్లు కనిపిస్తాయి. ఇవన్నీ దాటాక వచ్చే రాజమహల్ మూడంతస్తులది. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. దూలాలకు బదులు కమానులే పైకప్పుల బరువు మోస్తాయి. కింది అంతస్తుల్లో సుల్తానుల కట్టడాలను తలపించే కోసు కమానులు, పైన గుడి విమానాల్లాంటి శిఖరాలు. యుద్ధభూమిలో సుల్తానులతో తలపడిన రాజులు వాళ్ల కట్టడాల తీరును ఇష్టంగానే తీసుకున్నారనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. పక్కనే రాణిమహల్ రెండంతస్తులది.

మద్రాసు పుట్టుకకూ ఈ ఊరితో సంబంధం ఉంది. 1639 ఆగస్టు 22న దామర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకు సముద్రపు ఒడ్డున కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. అతను అప్పటి చంద్రగిరి రాజు పెద వెంకటరాయల సామంతుడు. 1645లో తర్వాతి రాజు శ్రీరంగరాయలు ఆ హక్కును మళ్లీ ఖాయం చేశాడు. ఆ మరుసటి ఏడాదే చంద్రగిరి గోల్కొండ వశమైంది. మద్రాసు మాత్రం పెరుగుతూ పోయింది.

కోట నుంచి ఊళ్లోకి వస్తే కోదండరామస్వామి ఆలయం ఉంది. తిరుపతి దారిలో శ్రీనివాస మంగాపురం వస్తుంది. అక్కడి కల్యాణ వేంకటేశ్వరుని గుడిని 1540లో అన్నమయ్య మనుమడు తాళ్లపాక చిన తిరుమలాచార్యులు బాగుచేయించారు. ఆ పక్కనుంచే శ్రీవారి మెట్టు కొండెక్కుతుంది. 2,388 మెట్లు, అలిపిరి దారికన్నా చాలా దగ్గర. చంద్రగిరి నుంచి కృష్ణదేవరాయలు ఈ దారినే వెళ్లేవాడని ఇక్కడివాళ్లు చెబుతారు.

అందువల్ల బస్సులు ఇప్పుడు తిరిగే వరుసను తిరగేయడం మంచిది. ముందు కోట, తర్వాత మంగాపురం, ఆపైన మెట్టు, చివర తిరుమల. గుడి మహాద్వారం దాటగానే ప్రతిమా మండపంలో చేతులు జోడించి నిలబడ్డ విగ్రహాలున్నాయి. తిరుమలదేవి, చిన్నాదేవిలతో కృష్ణదేవరాయలు, భార్యతో అచ్యుతరాయలు, రాగి రేకుతో చేసిన వెంకటపతి రాయలు. క్యూలైను తోపులాటలో ఎవరికీ అక్కడ ఆగే తీరిక ఉండదు. చంద్రగిరి మీదుగా వచ్చినవాళ్లు మాత్రం ఆ ముగ్గురు రాజులనూ పేరుపేరునా గుర్తుపడతారు.