అడవి పాఠం ఎవరు చెప్పాలి?



నాలుగేళ్ల కింద అక్టోబరులో, వన్యప్రాణి వారోత్సవాలప్పుడు, మా హాస్టల్‌కు ఒకాయన వచ్చి ప్రసంగం చేశారు. చార్టులు బాగున్నాయి, పులి బొమ్మ మరీ బాగుంది. చివర్లో "అడవి నరకొద్దని మీ అమ్మానాన్నలకు చెప్పండి" అన్నారు. ఆయన వెళ్లాక ఎనిమిదో తరగతి పిల్ల నన్ను అడిగింది: "మేడం, ఆ సారు మా ఊరు చూసిండా?" నాకు జవాబు దొరకలేదు.

ఇలా చెప్పడం ఎలాగో నేర్పే చదువు ఒకటి ఉందని నాకు తర్వాత తెలిసింది. పరిరక్షణ విద్య, కమ్యూనికేషన్ అంటారు. పీజీ స్థాయిలో చదువుతారు. ఎవరికి, ఏ భాషలో, ఏ మాట చెప్పాలి, చెప్పింది వాళ్లకు చేరిందో లేదో ఎలా చూసుకోవాలి అన్నదే అందులో అసలు విషయం. జీవశాస్త్రం సగం, టీచర్ పని సగం అనుకోండి.

పుస్తకాల్లో దీని చరిత్ర 1969 దగ్గర మొదలవుతుంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో విలియం స్టాప్, ఆయన విద్యార్థులు కలిసి పర్యావరణ విద్యకు నిర్వచనం రాశారు. 1977లో, అప్పటి సోవియట్ జార్జియాలోని టిబిలిసిలో, యునెస్కో దీని మీద ప్రపంచ సదస్సు పెట్టింది. మన దేశంలో 1984లో అహ్మదాబాద్‌లో సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంట్ ఎడ్యుకేషన్ వచ్చింది. 1988లో డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థలో ఎమ్మెస్సీ మొదలైంది. 1991లో ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు బడుల్లో పర్యావరణం తప్పనిసరిగా చెప్పాలంది, సినిమా హాళ్లలో స్లైడ్లు వేయించాలంది. స్లైడు మాట్లాడుతుంది గానీ వినదు. ఆ లోపం మా హాస్టల్ ప్రసంగం దాకా వచ్చింది.

మన చరిత్ర వేరే చోట మొదలవుతుంది. నిజాం కాలంలో రిజర్వు అడవి అంటే ఏమిటో మన పెద్దలకు పాఠంగా ఎవరూ చెప్పలేదు. జరిమానాగా తెలిసింది, కాలిన పంటగా తెలిసింది. సర్కారు కాగితం ఉర్దూలో ఉండేది, మన ఇంట్లో మాట గోండీ. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చాక గానీ మన మాట వినాలన్న ఆలోచన సర్కారుకు రాలేదు.

అప్పుడు వచ్చినవాడే హైమన్‌డార్ఫ్. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశారు. 1943లో అక్కడ గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. ఆయనను దేవుణ్ణి చేయనక్కరలేదు. అక్కడ నేర్చుకున్న మన పిల్లలే మళ్లీ మన గూడేల్లో పంతుళ్లయ్యారు, నాకు ముఖ్యం అది. నేను టీటీసీ చదివినప్పుడు "తెలిసిన దాని నుంచి తెలియని దానికి" అని ఒక సూత్రం బట్టీ పట్టించారు. మార్లవాయిలో అది నలభైల్లోనే జరిగింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు పెట్టిందీ ఆ కాలంలోనే. అధికారి వచ్చి కూర్చుంటాడు, మనవాళ్లు నిలబడి అడుగుతారు.

అంతకు ముందు కూడా మనకు చెప్పేవాళ్లు లేకపోలేదు. కిక్రి వాయిస్తూ గోత్రాల కథలు పాడే పర్ధాన్లు ఉన్నారు. కొత్తలు చేయందే కొత్త పంట నోట పెట్టనివ్వని మా అవ్వ ఉంది. ఏది ఎప్పుడు ముట్టకూడదో ఆమె దగ్గరే నేర్చుకున్నా, చార్టు లేకుండా.

తర్వాత కాలంలో గోండీ వాచకాలు బడుల నుంచి పోయాయి. ఆ నష్టం ఎంతో ఇప్పుడు తెలుస్తోంది. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం అయింది. ఇలాంటి చోట ఊరు కదిలించాలంటే 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ అన్నీ తెలిసి, స్వేచ్ఛగా ఒప్పుకోవాలి. అన్నీ తెలియాలంటే చెప్పేవాడు ఉండాలి కదా! పులికి ఎంత చోటు కావాలో, కాగితం మీద ఏం రాశారో, వద్దనే హక్కు ఉందని కూడా, మన భాషలో చెప్పేవాడు కావాలి. అర్థం కాకుండా పెట్టిన వేలిముద్ర ఒప్పుకోలు కాదు.

అందుకే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ చదువు వైపు చూడండి. అచ్చంగా ఈ పేరుతో ఉన్న కోర్సులు మన దేశంలో తక్కువే. వన్యప్రాణి శాస్త్రం, పర్యావరణ శాస్త్రం, జర్నలిజం, ఎం.ఎడ్. — ఏ దారిన పోయినా ఇక్కడికి రావచ్చు. విదేశాల్లో చదవాలంటే కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 20 మందికి ఇస్తారు, అందులో 3 ఆదిమ తెగల వారికి. దేశం మొత్తానికి ఇరవై చాలా తక్కువ, నిజమే. అయినా దరఖాస్తు పెట్టకుండా ఊరుకోవద్దు.

ఆనాడు ప్రశ్న అడిగిన పిల్ల ఇప్పుడు ఇంటర్ బైపీసీ. మొన్న సెలవులకు వచ్చి నోట్‌బుక్ చూపించింది. వాళ్ల తాత చెప్పిన పద్దెనిమిది చెట్ల పేర్లు గోండీలో రాసుకుంది, పక్కన తెలుగు పేరుకు ఖాళీ వదిలింది. ఇద్దరం కూర్చుని నింపాం. నాలుగింటికి తెలుగు పేరు నాకు తెలియలేదు.