గ్రామీణ సేవకు విద్యా ఋణమాఫీ

గ్రామాలలో నిర్ణీతకాలం పనిచేసిన వైద్యులు, ఉపాధ్యాయులు మొదలగు వృత్తినిపుణుల చదువు అప్పును ప్రభుత్వం తీర్చడమే '''గ్రామీణ సేవా ఋణమాఫీ'''. అమెరికాలో జాతీయ ఆరోగ్య సేవాదళం ద్వారా ఇది అమలులో ఉంది.

==భారతదేశంలో==
2009లో మొదలైన కేంద్ర పథకం పేద విద్యార్థులకు చదువుకాలపు వడ్డీని మాత్రమే భరించింది, అసలు తీర్చవలసినదే. ఇక్కడ గ్రామసేవకు ప్రతిఫలం పీజీ సీటు. సర్వీసులో ఉన్న వైద్యులకు రాష్ట్రాలు కోటా ఇవ్వవచ్చునని 2020లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఈ కోటాను తగ్గించగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు ఆందోళన చేశారు.

==నెల్లూరు తీరం==
నెల్లూరులో 2014లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడింది. విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వంటి తీర మండలాలలో మత్స్యకారులకు, రొయ్యల చెరువుల కూలీలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే ముఖ్య ఆధారం. సీటు ఆశ వైద్యుని కొన్నేళ్ళకు పైచదువుకు పంపుతుంది. ఋణమాఫీ అయితే ఊరిలో ఉన్నవారికే దక్కుతుంది.