నార్వే పల్లెల 'తోడు': వేడిలో పులిసే బీరు కథ

నార్వేలో ఒకప్పుడు బీరు కాయని రైతుకి శిక్ష పడేది. మీరు సరిగ్గానే విన్నారు, కాయని రైతుకే! మధ్యయుగాల నాటి గులాటింగ్ చట్టం ప్రకారం క్రిస్మస్‌కి ప్రతి ఇంట్లోనూ బీరు ఉండాలి. లేకపోతే బిషప్‌కి జరిమానా కట్టాలి. వరసగా మూడేళ్లు ఎగ్గొడితే ఆస్తి మొత్తం జప్తు, సగం రాజుకి, సగం బిషప్‌కి. అంటే అక్కడ బీరు విలాసం కాదు, పండగ విధి అన్నమాట.

మరి కాయాలంటే ఈస్ట్ కావాలి కదా. కొట్లో కొనే రోజులు కావవి. పోయినసారి పులిసిన బీరులోంచి తీసిన ఈస్ట్‌లో చెక్కతో చేసిన గొలుసులాంటి రింగుని ముంచి, ఆరబెట్టి, దాచుకునేవాళ్లు. మళ్లీ కాచినప్పుడు ఆ రింగుని మాల్ట్ రసంలో వేస్తే చాలు. తమది పాడైపోతే పక్కింటికి వెళ్లి తెచ్చుకునేవాళ్లు. మన ఇళ్లలో పెరుగు తోడు సంగతి ఇదే కదండీ! పశ్చిమ నార్వే యాసలో దీని పేరు 'క్వైక్'.

ఇక్కడొక విచిత్రం ఉంది. లాగర్ బీరు 10 డిగ్రీల దగ్గర చల్లగా, నెమ్మదిగా పులుస్తుంది. ఏల్‌కి వెచ్చదనం కావాలి, మామూలుగా 20 డిగ్రీల చుట్టుపక్కల. అంతకంటే బాగా వేడెక్కితే చాలా ఈస్టులు ముక్కుకెక్కే ఘాటు పుట్టిస్తాయి. వోస్ ప్రాంతపు రైతులు మాత్రం దాదాపు 40 డిగ్రీల వేడి మీదే క్వైక్ వేస్తారు. మనం పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడేస్తాం చూడండి, ఇంచుమించు ఆ వేడి. రెండు మూడు రోజుల్లో పులవడం అయిపోతుంది, ఘాటు రాదు. కొన్ని ఊళ్లలో ఈస్ట్ వేసేటప్పుడు గట్టిగా కేకలు కూడా పెట్టేవాళ్లు!

ఇది దాదాపు పోయేదే. 1883లో కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్ పెంచి చూపించాడు. ఇక బ్రూవరీలకి అదే దారి అయింది. పల్లెల్లో కూడా కొన్న ఈస్ట్ సులువనిపించింది, ఇంటి తోడు ఒక్కో ఊళ్లో ఆగిపోయింది. వోస్, హోర్నిండాల్ లాంటి కొన్ని చోట్ల మాత్రం మానలేదు. లార్స్ మారియస్ గార్షోల్ అనే ఆయన ఊరూరా తిరిగి, ఈ సంగతులన్నీ సేకరించి, 2020లో పుస్తకంగా తెచ్చాడు. అంతకుముందే, 2018లో వచ్చిన ఒక జన్యు పరిశోధన క్వైక్‌లు మిగతా బీరు ఈస్టులకి వేరుగా ఒక గుంపు అని తేల్చింది.

ఇక రుచి. ఈ ఎపిసోడ్ కోసం చిన్న బ్రూవరీల క్వైక్ ఏల్స్ మూడు తాగి చూశాను. మొదటిది వోస్ ఈస్ట్‌తో చేసింది. హాప్స్ తక్కువ వేశారు కాబట్టి ఈస్ట్ పని తెలుస్తుంది: కమలాపండు తొక్క వాసన, వెనకాల మాల్ట్ తీపి. రెండోది ఐపీఏ. నిజం చెప్పాలంటే అందులో హాప్స్ హోరు తప్ప ఇంకేమీ లేదు. డబ్బా మీద క్వైక్ అని రాయకపోతే ఎవరికీ తెలియదు. మూడోది జూనిపర్ కొమ్మలు వేసి మరిగించిన నీటితో, అసలు మాల్ట్ రసాన్నే మరిగించకుండా చేసింది. చిక్కగా, అడవి వాసనతో, దాదాపు జావలా ఉంది. నాకు ఇదే నచ్చింది. ఇలాంటిది ఎక్కువ రోజులు నిలవ ఉండదు, తాజాగానే తాగాలి.

ఒక్క మాట గమనించండి. దుకాణంలో 'వోస్ క్వైక్' అని అమ్మే ప్యాకెట్లలో సాధారణంగా ఒకే రకం ఈస్ట్ ఉంటుంది. పల్లెల తోడు అలా కాదు, చాలావాటిలో అనేక రకాలు కలిసి బతుకుతాయి. అందులోంచి ఒక్కదాన్ని ఏరి ఊరి పేరు పెట్టి అమ్మడం నాకైతే సబబుగా అనిపించదు. ఆ కలగలుపు తోడు మాత్రం ఇప్పటికీ ఆ రైతుల ఇళ్లలోనే, ఎండిన పెచ్చులుగానో ఫ్రిజ్‌లో సీసాల్లోనో, వచ్చే క్రిస్మస్ బీరు కోసం ఉంటోంది.