కౌంటరుకి ఇవతల

హెచ్.ఐ.వి. సోకకుండా ముందుగానే వేసుకునే మాత్రను ప్రెప్ అంటారు. దాని చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా 2012తో మొదలుపెడతారు. అమెరికా ప్రభుత్వం ఆ మాత్రకు అనుమతినిచ్చిన ఏడాది అది. నేను మాత్రం 2004 నాటి నామ్‌పెన్ నగరంతో మొదలుపెడతాను. టెనోఫోవిర్ అనే మందును 960 మంది సెక్స్ వర్కర్ల మీద పరీక్షించాలని విదేశీ పరిశోధకులు అక్కడ సన్నాహాలు చేశారు. ఆ స్త్రీలు సంఘంగా నిలబడి అడిగారు: ఈ మందు వల్ల రేపు మాకేదైనా అయితే మా వైద్యం ఎవరు చూస్తారు? ఎన్నేళ్ళు చూస్తారు? వాళ్ళు ఒప్పుకోదగ్గ జవాబు రాలేదు. ఆగస్టులో ప్రధాని హున్ సెన్ ఆ పరీక్షను ఆపించాడు.

2009లో మరో పెద్ద పరీక్ష మొదలైంది. పేరు వాయిస్. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేలకు చెందిన 5,029 మంది స్త్రీలు అందులో ఉన్నారు. రక్షణ దొరకలేదని 2013లో తేల్చారు. కారణమేమిటంటే, మాత్రలిచ్చిన వాళ్ళ రక్తం పరీక్షిస్తే మూడోవంతు కన్నా తక్కువ నమూనాల్లోనే మందు జాడ కనిపించింది. "వాళ్ళు వేసుకోలేదు" అన్నమాట స్థిరపడిపోయింది. ఎందుకు వేసుకోలేదో ఆ తర్వాత ఆ స్త్రీలనే కూర్చోబెట్టి అడిగితే గానీ తెలియలేదు. జబ్బున్న వాళ్ళకిచ్చేదీ ఇదే మందు. డబ్బా ఇంట్లో మొగుడి కంటపడితే, పక్కింటావిడ చూస్తే ఏమనుకుంటారు? లేని జబ్బుని అంటగట్టే మాత్రను ఏ గూట్లో దాచుకోవాలి? (మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకంటూ తాళం వేసుకునే బీరువా ఎందరికుంది?)

మాత్ర పనిచేస్తుందా అన్న ప్రశ్న తీరాక, అది ఎక్కడ దొరకాలన్న ప్రశ్న మిగిలింది. కెన్యాలో 2017 నుంచి ప్రభుత్వం ప్రెప్ ఇస్తోంది, కానీ ఎక్కువగా హెచ్.ఐ.వి. క్లినిక్కుల్లో. ఆ క్యూలో నిలబడటమంటే నలుగురి నోళ్ళలో పడటమే. అక్కడి స్త్రీలు గర్భనిరోధక మాత్రల కోసం ఎప్పటినుంచో వీధిలోని మందుల షాపుకే వెళ్తున్నారు. 2020లో కిసుము, థికా పట్టణాల్లోని కొన్ని ప్రైవేటు షాపుల్లో ప్రెప్ ఇచ్చి చూశారు. షాపులో పనిచేసేవాళ్ళకు శిక్షణ, అడగాల్సిన ప్రశ్నల పట్టిక, అక్కడికక్కడే రక్త పరీక్ష, అనుమానం వస్తే ఫోనులో డాక్టరు. కొద్దిపాటి రుసుము కూడా పెట్టారు. ఆ రుసుమే నాకు మింగుడుపడదు. చేతిలో డబ్బు ఆడని స్త్రీకి ఆ కాస్తా గడపే.

అమెరికాలో సియాటిల్‌లో ఒక ఫార్మసీ 2014లోనే ఈ పని మొదలుపెట్టింది. కాలిఫోర్నియా 2019లో చట్టమే చేసింది, డాక్టరు చీటీ లేకుండా 60 రోజుల మందు ఇవ్వొచ్చని. కానీ ఫార్మసిస్టు చేసే పనికి ప్రతిఫలం ఎవరిస్తారో సరిగ్గా తేల్చకపోవడంతో అంతగా సాగలేదు. 2024లో సవరించి ఆ గడువును 90 రోజులు చేశారు.

మన దేశంలో నాకు ఆశ కలిగించిన అనుభవం షాపుది కాదు. కలకత్తా సోనాగాచ్చిలో, మైసూరులో సెక్స్ వర్కర్ల సంఘాలు తమ సభ్యులకు తామే ప్రెప్ అందించాయి. వాయిస్‌లో "వేసుకోని" మాత్రను వీళ్ళు వేసుకున్నారు. ఇచ్చే చేయి తమలోని మనిషిదే కావడం చిన్న తేడా కాదు.

ఇప్పుడు ఆరు నెలలకొక ఇంజెక్షన్ వచ్చింది, లెనకాపవిర్. 2024లో వెలువడిన ఫలితాల్లో అది తీసుకున్న 2,134 మంది ఆఫ్రికన్ అమ్మాయిల్లో, స్త్రీలలో ఒక్కరికీ హెచ్.ఐ.వి. సోకలేదు. దాచుకోవాల్సిన డబ్బా లేదు. దాన్ని పేద దేశాలకు ఏడాదికి మనిషికి సుమారు 40 డాలర్లకు, 2027 నుంచి అందిస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించిన కంపెనీలు రెండూ మన హైదరాబాదువే, డాక్టర్ రెడ్డీస్, హెటెరో.

అదే హైదరాబాదులో మెడికల్ షాపువాడు శానిటరీ నాప్‌కిన్లను ఇంకా నల్ల కవరులో చుట్టే ఇస్తాడు. అత్యవసర గర్భనిరోధక మాత్ర కొనాలంటే, నాకు తెలిసిన అమ్మాయిలు తమ వీధి షాపు దాటి, ఆటో ఎక్కి, ఎవరూ గుర్తుపట్టని చోటికి వెళ్తారు.